గుర్తు కలిస్తే సరిపోతుందా? బైక్ ఇంజన్ టైమింగ్ పద్ధతులపై సమీక్ష

నాగార్జునసాగర్ పక్కనున్న నందికొండ మొదలుకొని హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ, కల్వకుర్తి దాకా ఏ సెంటర్‌లో చూసినా బైక్ మెకానిక్ దుకాణం కనిపిస్తుంది. పాలక్యాన్లు, ఎరువుల బస్తాలు, కూరగాయల గంపలు, ముగ్గురేసి మనుషులు. ఈ ప్రాంతపు బరువులో పెద్ద భాగం వంద సీసీ బండ్ల మీదనే నడుస్తుంది. అలాంటి బండి ఇంజన్‌లో చైన్ చప్పుడు మొదలైందంటే టైమింగ్ చైన్ మార్చే రోజు దగ్గర పడ్డట్టే. చైన్ మార్చడం కష్టమేమీ కాదు. మార్చాక టైమింగ్ పెట్టడం దగ్గరే మెకానిక్‌ల మధ్య మాట కలవదు. కంపెనీ కొట్టిన గుర్తులే ప్రమాణమని కొందరంటారు. విప్పే ముందు మనం పెట్టుకున్న పెయింటు గుర్తే నమ్మదగిందని కొందరంటారు. పళ్లు లెక్కపెట్టుకోవాలనేవారు ఉన్నారు, డిగ్రీల్లో కొలిస్తే తప్ప ఒప్పుకోనివారూ ఉన్నారు. ఒక్కో వాదం వెనక ఒక్కో తరం ఇంజన్ అనుభవం ఉంది. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎంతవరకు నిలుస్తుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సమీక్ష చివరికి చేరే మాట ఇది: గుర్తులు కలపడంతో పని సగమే అవుతుంది. టెన్షనర్ బిగించాక ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, అవే గుర్తులు మళ్లీ కలిశాయని చూసుకున్నప్పుడే టైమింగ్ పెట్టినట్టు.

బెల్టు, చైన్, గేరు: కొంత చరిత్ర

ముందు ఒక గందరగోళం తొలగాలి. మన రోడ్ల మీది స్కూటర్లలో అందరికీ తెలిసిన బెల్టు ఇంజన్ శక్తిని వెనక చక్రానికి చేరవేసేది. దానికి టైమింగ్‌తో సంబంధం లేదు, దాని మీద గుర్తులు కలపాల్సిన పనీ లేదు. అదే స్కూటర్ ఇంజన్ లోపల వాల్వులను నడిపేది మాత్రం చిన్న చైనే. హార్లీ బండ్లలో బయటికి కనిపించే వెడల్పాటి బెల్టు కూడా వెనక చక్రానిదే. టైమింగ్ బెల్టు అంటే క్రాంక్ షాఫ్ట్ నుంచి క్యామ్ షాఫ్ట్‌కు కదలిక అందించే పళ్ల బెల్టు. మోటారు సైకిళ్లలో దాని వాడకం తక్కువ. హోండా 1975లో తెచ్చిన గోల్డ్‌వింగ్ జీఎల్ 1000లో ఆ బెల్టులుండేవి. 2001 నాటి జీఎల్ 1800కు వచ్చేసరికి ఆ కంపెనీ చైన్‌కు మారింది. ఇటలీలో ఫాబియో తాల్యోనీ 1970ల చివర డుకాటి కోసం రూపొందించిన పాంటా ఇంజన్ బెల్టుతో నడిచింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు డుకాటి ట్విన్ ఇంజన్లకు బెల్టు ఒక గుర్తింపుగా నిలిచింది. పానిగాలే 1199తో ఆ కంపెనీ కూడా పెద్ద ఇంజన్లలో చైన్ వైపు జరిగింది, స్క్రాంబ్లర్ వంటి బండ్లలో మాత్రం బెల్టు కొనసాగింది.

మన ప్రాంతపు మెకానిక్‌లకు టైమింగ్ బెల్టు ఎక్కువగా పరిచయమైంది బైకుల ద్వారా కాదు, మారుతి 800 ద్వారా. దానికన్నా ముందు గుర్తులు కలపడం నేర్పినవి గేర్లు. బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లలో, పాత బుల్లెట్ మోటారు సైకిళ్లలో క్రాంక్ గేరు మీది చుక్కను క్యామ్ గేరు మీది చుక్కకు ఎదురుగా పెట్టడమే టైమింగ్. గేరుకు గేరు నేరుగా కరుచుకుంటుంది కాబట్టి మధ్యలో వదులు అనే సమస్య దాదాపు లేదు. పాత జావా, యెజ్డీ, ఆర్ఎక్స్ 100 వంటి టూ స్ట్రోక్ బండ్లలో క్యామ్ షాఫ్టే లేదు. ఆ దుకాణాల్లో టైమింగ్ అంటే కరెంటు నిప్పు పడే వేళ మాత్రమే. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక, ఆ వెనక 1994లో స్ప్లెండర్ వచ్చాక, హెడ్ మీద క్యామ్, దాన్ని నడిపే చైన్, దానికి టెన్షనర్ అనే అమరిక పల్లె దుకాణాల దాకా చేరింది. అందుకే ఒకే దుకాణంలో మూడు తరాల అలవాట్లు కలిసి కనిపిస్తాయి. గేరుతో నేర్చుకున్నవారు చుక్కలు కలిస్తే పని ముగిసిందనుకుంటారు. టూ స్ట్రోక్‌తో నేర్చుకున్నవారు మ్యాగ్నెట్ మీది నిప్పు గుర్తును వెతుకుతారు. చైన్‌తో మొదలుపెట్టినవారికి వదులు ఎటు పోయిందన్నది పెద్ద ప్రశ్న. ఈ చర్చ చిక్కుపడడానికి ఒక కారణం ఇదే.

ఒక పన్ను విలువ ఎంత?

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద తూము తెరవాల్సిన వంతు తప్పితే నీళ్లున్నా పొలం తడవనట్టే, వాల్వు తెరుచుకునే వేళ తప్పితే పెట్రోలు, గాలి ఉన్నా ఇంజన్‌కు బలం రాదు. వేళ ఎంత తప్పిందన్నది అంకెల్లోకి తెచ్చి చూస్తే సగం వాదాలు సద్దుమణుగుతాయి. క్యామ్ మీది పళ్లచక్రానికి 28 పళ్లున్నాయనుకుందాం. ఒక పన్ను జారితే క్యామ్ మీద 12.9 డిగ్రీలు, క్రాంక్ మీద దాదాపు 25.7 డిగ్రీల తేడా వస్తుంది. 40 పళ్ల చక్రమైతే క్రాంక్ మీద తేడా 18 డిగ్రీలు. ఇంత తేడాతో ఇంజన్ స్టార్ట్ కావచ్చు కూడా. అక్కడే అసలు ప్రమాదం. బండి తిరుగుతుంది, కానీ కిక్ ఎక్కువ కొట్టాలి, లోడ్ మీద పికప్ ఉండదు, ఇంజన్ వేడెక్కుతుంది. అప్పుడు చాలాసార్లు తప్పు కార్బురేటర్ మీదికో ప్లగ్గు మీదికో పోతుంది. రెండు మూడు పళ్లు తప్పితే, పిస్టన్‌కు వాల్వుకు ఎడం తక్కువున్న ఇంజన్లలో వాల్వు వంగుతుంది.

ఇదే లెక్కను చైన్ సాగుడుకు పెట్టి చూద్దాం. చైన్ లింకు పొడవు 6.35 మి.మీ., క్యామ్ చక్రానికి 28 పళ్లు అయితే ఆ చక్రం వ్యాసార్ధం సుమారు 28 మి.మీ. వస్తుంది. క్రాంక్ లాగే వైపు చైన్ 200 మి.మీ. ఉండి, అది నూటికి ఒకటి సాగిందనుకుంటే పొడవు 2 మి.మీ. పెరుగుతుంది. క్యామ్ 4 డిగ్రీలు, క్రాంక్ లెక్కన 8 డిగ్రీలు వెనకబడుతుంది. హెడ్‌ను అర మిల్లీమీటరు గీయించినా క్యామ్ వెనకబడేది క్రాంక్ లెక్కన 2 డిగ్రీలే. అంటే అరిగిన చైన్ వల్లనో గీయించిన హెడ్ వల్లనో గుర్తు కొంచెం పక్కకు కనిపించడం సహజం. ఆ తేడా ఒక పన్నులో మూడో వంతు కూడా దాటదు. దాన్ని సరిచేద్దామని ఒక పన్ను జరిపితే చిన్న తప్పు స్థానంలో పెద్ద తప్పు వస్తుంది. గుర్తు అర పన్ను కన్నా తక్కువ పక్కకుంటే చక్రం జరపకూడదు, చైన్ మార్చాలి. ఈ ఒక్క నియమం తెలిస్తే తప్పిపోయే టైమింగులు చాలా తగ్గుతాయి.

నాలుగు పద్ధతులు

మొదటి పద్ధతి కంపెనీ గుర్తులది. మ్యాగ్నెట్ మీది ‘టి’ గీతను కేసు మీది గాటుకు, క్యామ్ చక్రం మీది గీతను లేదా చుక్కను హెడ్ మీది గాటుకు కలపాలి. ఇందులో జరిగే పెద్ద పొరపాటు ‘టి’కి బదులు ‘ఎఫ్’ గుర్తును పట్టుకోవడం. ‘ఎఫ్’ నిప్పు పడే చోటు, పిస్టన్ పైకి చేరడానికి కొన్ని డిగ్రీలు ముందుంటుంది. రెండో పొరపాటు గుర్తును పక్క నుంచి చూడడం. 110 మి.మీ. వ్యాసమున్న మ్యాగ్నెట్ అంచు మీద 1 మి.మీ. అంటే క్రాంక్‌కు సుమారు 1 డిగ్రీ మాత్రమే. క్యామ్ చక్రం చిన్నది కాబట్టి అక్కడ 1 మి.మీ. తేడా క్రాంక్ లెక్కన 4 డిగ్రీలవుతుంది. కనుక ముందు క్రాంక్‌ను ‘టి’ దగ్గర కచ్చితంగా నిలపాలి, ఆ తర్వాతే క్యామ్ గుర్తును చూడాలి. క్యామ్‌ను ముందు కలిపి క్రాంక్‌ను సర్దుకునేవారికి ఆ కచ్చితత్వం దొరకదు.

రెండో పద్ధతి సొంత గుర్తులది. విప్పే ముందు చైన్ మీద, చక్రం మీద, కేసు మీద పెయింటు చుక్కలు పెట్టుకుని, బిగించేటప్పుడు వాటినే కలుపుతారు. కంపెనీ గుర్తు చెరిగిపోయిన పాత ఇంజన్లకు, గుర్తు లేకుండా అమ్మే చవక చక్రాలకు ఇది అక్కరకొస్తుంది. పాత బెల్టు మీది చుక్కల మధ్య పళ్లు లెక్కించి కొత్త బెల్టు మీదికి మార్చుకోవడం కారు మెకానిక్‌లకూ అలవాటే. ఈ పద్ధతి పాత స్థితిని ఉన్నదున్నట్టు తిరిగి తెస్తుంది. పాత స్థితే తప్పయితే ఆ తప్పు కూడా తిరిగొస్తుంది. చైన్ జారినందుకే బండి దుకాణానికి వచ్చిందంటే పాత గుర్తును నమ్మడం రోగాన్ని మళ్లీ బిగించడమే.

మూడో పద్ధతి లెక్కది. రెండు గుర్తుల మధ్య ఇన్ని లింకులు, ఇన్ని పళ్లు ఉండాలని లెక్కపెట్టి కూర్చడం. రంగు లింకులున్న చైన్లలో, గీతలు అచ్చేసిన బెల్టుల్లో కంపెనీలే ఈ దారి చూపాయి. ఇక్కడ తరచూ ఒక భయం పుడుతుంది. కొత్త బెల్టు వేసి ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పగానే బెల్టు మీది గీతలు చక్రాల గుర్తులకు దూరంగా పోయి కనిపిస్తాయి. తప్పు జరిగిందని విప్పేస్తారు. నిజానికి అక్కడ తప్పేమీ లేదు. క్యామ్ చక్రానికి 36 పళ్లు, బెల్టుకు 70 పళ్లు ఉంటే ఆ గీతలు మళ్లీ మొదటి చోటికి రావడానికి క్రాంక్ 70 చుట్లు తిరగాలి. బెల్టు మీది గీత కూర్చే నిమిషానికే పనికొస్తుంది. ఆ తర్వాత చూడాల్సింది చక్రాల మీది గుర్తులనే.

నాలుగో పద్ధతి కొలతది. క్రాంక్‌కు డిగ్రీల పలక కట్టి, ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌ను ఆపే బోల్టు పెట్టి, రెండు వైపులా ఆగిన చోట్ల మధ్య బిందువును పిస్టన్ పై చివరగా తీసుకుంటారు. రేసు ఇంజన్లు కట్టేవారు ఈ దారి పడతారు. బెల్టు ఇంజన్లలో క్యామ్‌ను కదలనీయకుండా పట్టే లాకులు, బెల్టు బిగువును మోత లెక్కన కొలిచే పరికరాలు కూడా ఈ కోవలోవే. దీనికి పేద బంధువు స్క్రూడ్రైవర్ పద్ధతి: ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి అది పైకి రావడం ఎక్కడ ఆగితే అదే పై చివర అనుకోవడం. 50 మి.మీ. స్ట్రోకున్న ఇంజన్‌లో పై చివరకు 10 డిగ్రీల ముందు పిస్టన్ దిగువన ఉండేది దాదాపు అర మిల్లీమీటరు మాత్రమే. ఆ తేడాను చెయ్యి పట్టలేదు. పిస్టన్ పైభాగంలో ఉందో కిందుందో తెలుసుకోవడానికి తప్ప టైమింగ్‌కు దాన్ని ఆధారం చేసుకోకూడదు.

పోలికలో తేలేవి

- కంపెనీ గుర్తు: వేగం, ఖర్చు లేదు, సాధారణ బండ్లకు సరిపోతుంది. గుర్తు చెరిగినా, చక్రం నకలుదైనా నిస్సహాయం.
- సొంత గుర్తు: గుర్తులు లేనిచోట ఆదుకుంటుంది. పాత తప్పును పట్టుకోలేదు.
- పళ్ల లెక్క: బెల్టులకు, రెండు క్యామ్‌ల ఇంజన్లకు బలమైన రెండో ఆధారం. చైన్ ఏ వైపు వదులుగా ఉందో చెప్పదు.
- కొలత: అన్నిటికన్నా కచ్చితం. సమయం, పరికరం, ఓపిక కావాలి.

ఈ నాలుగింటికీ ఒక ఉమ్మడి లోపం ఉంది. నాలుగూ బిగించే క్షణంలోని స్థితినే చూపిస్తాయి. ఇంజన్ తిరిగేటప్పుడు లాగే వైపు చైన్ బిగుతుగా ఉంటుంది, వదులంతా టెన్షనర్ వైపు చేరుతుంది. బల్ల మీద గుర్తులు కలిపేటప్పుడు ఆ వదులు లాగే వైపు ఉండిపోతే, గుర్తులు కలిసినట్టే కనిపించి టెన్షనర్ నొక్కగానే క్యామ్ పక్కకు జరుగుతుంది. అందుకే ఏ పద్ధతితో కూర్చినా చివరి పరీక్ష ఒకటే ఉండాలి. టెన్షనర్ బిగించాలి, ప్లగ్గు తీసేయాలి, ఇంజన్ సహజంగా తిరిగే దిక్కులోనే పానాతో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పి ‘టి’ దగ్గర ఆపాలి. క్యామ్ గుర్తు మళ్లీ హెడ్ గాటుకు ఎదురుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం పెట్టకూడదు, అది వాల్వు పిస్టన్‌ను తాకుతున్న గుర్తు కావచ్చు. ‘టి’ దాటిపోతే వెనక్కి తిప్పి సర్దకూడదు. వెనక్కి తిప్పితే వదులు వైపు మారి గుర్తు అబద్ధం చెబుతుంది. ముందుకే మరో రెండు చుట్లు తిప్పాలి.

అభ్యంతరాలు, జవాబులు

అనుభవమున్న చేతికి ఇంత తతంగం అక్కర్లేదని, కిక్ కొట్టిన చప్పుడుతోనే టైమింగ్ తెలిసిపోతుందని ఒక అభ్యంతరం. చప్పుడును పోల్చే చెవి విలువైనదే. చైన్ అరిగిందని ముందుగా పట్టేది ఆ చెవే. కానీ ఒక పన్ను తప్పిన ఇంజన్ ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు మామూలుగానే తిరగవచ్చు. లోపం తెలిసేది ముగ్గురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కినప్పుడు. పైగా వాల్వు తగిలే తప్పయితే మొదటి కిక్‌తోనే నష్టం జరిగిపోతుంది, చెవికి రెండో అవకాశం ఉండదు. రెండు చుట్లు తిప్పడానికి పట్టేది కొద్ది నిమిషాలే. హెడ్ మళ్లీ విప్పడానికి పూట గడుస్తుంది, గ్యాస్కెట్ కొత్తది కావాలి.

కంప్రెషన్ స్ట్రోక్‌లోనే గుర్తులు కలపాలా, ఏ ‘టి’ అయినా సరిపోతుందా అన్నది రెండో వివాదం. ఇందులో రెండు పక్షాలకూ కొంత నిజం ఉంది. క్రాంక్‌కు స్ట్రోక్ తెలియదు. క్యామ్ బయటికి తీసిన సింగిల్ సిలిండర్ ఇంజన్‌లో, నిప్పు ప్రతి చుట్టుకూ పడే అమరికైతే, ఏ స్ట్రోకో నిర్ణయించేది మనం క్యామ్ పెట్టే తీరే. అయినా కంప్రెషన్ స్థితిని ఎంచుకోమని చెప్పడంలో అర్థముంది. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, రాకర్లు వదులుగా ఉంటాయి, స్ప్రింగు క్యామ్‌ను పక్కకు నెట్టదు. చక్రం బిగించేటప్పుడు క్యామ్ నిలకడగా ఉంటుంది. అదే వరసలో టాపెట్ కూడా సరిచూసుకోవచ్చు. పాయింట్లతో నడిచే పాత బుల్లెట్ వంటి బండ్లలో, ఒకటి కన్నా ఎక్కువ సిలిండర్లున్న ఇంజన్లలో మాత్రం ఏ స్ట్రోకన్నది తప్పనిసరిగా చూసుకోవాలి.

కొలత పద్ధతి అంత కచ్చితమైతే అందరూ అదే చేయాలి కదా అన్నది మూడో మాట. పైన లెక్కల్లో తేలినదాన్ని బట్టి, పనిబండి విషయంలో మనం పట్టుకోవాల్సిన తప్పు 25 డిగ్రీలది. దాన్ని పట్టడానికి మంచి కన్ను, రెండు చుట్ల పరీక్ష చాలు. క్యామ్ మార్చి, హెడ్ గీయించి, బలం పెంచుకునే ఇంజన్లకే డిగ్రీల పలక అవసరం. డుకాటి వంటి బెల్టు ఇంజన్లలో బిగువు కూడా సమస్యే. బెల్టు మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, మరీ వదిలితే పన్ను జారుతుంది. అక్కడ కొలత విలాసమని కొట్టిపారేయడానికి లేదు.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఒక్క జవాబు కుదరలేదు. చైన్ ఒక్కటే మార్చాలా, చక్రాలు, గైడు, టెన్షనర్ కలిపి మార్చాలా అన్నది ఒకటి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ త్వరగా పాడవుతుందన్నది నిజం. వంద సీసీ బండి మీదే బతికే మనిషికి మొత్తం సెట్టు ఖర్చు బరువన్నదీ నిజం. పళ్లు కొక్కెంలా వంగాయో లేదో చూసి నిర్ణయించడమే ఇప్పటికి మధ్యేమార్గం. బెల్టు ఇంజన్లలో కిలోమీటర్లు చూడాలా, ఏళ్లు చూడాలా అన్నది మరొకటి. రబ్బరు నిలబెట్టినా పాతబడుతుంది కాబట్టి రెండింటిలో ఏది ముందొస్తే అది పాటించాలన్న వాదనే బలంగా ఉంది. గుర్తు లేని నకలు చక్రాల సమస్య మూడోది. వాటిని బిగించే ముందు పాత చక్రం మీద పెట్టి, పళ్లు, బోల్టు రంధ్రాలు కలిపి, గుర్తును సూదితో గీసుకోవడం తప్ప ప్రస్తుతానికి వేరే దారి లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు వచ్చాక పెట్రోలు ఇంజెక్షన్ బండ్లు పల్లెలకు చేరాయి. వాటిలో వాల్వు వేళ తప్పితే సెన్సర్ల లెక్క కూడా తప్పవచ్చు. లోపం యంత్రానిదో కరెంటుదో విడదీయడం మెకానిక్‌కు కొత్త పరీక్ష.

దుకాణం పాటించగల క్రమం

ఈ పద్ధతులను ప్రత్యర్థులుగా చూడడం వల్లనే చర్చ ముందుకు సాగలేదు. ఒక వరసలో పెడితే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. విప్పే ముందు క్రాంక్‌ను ‘టి’ దగ్గర నిలిపి, క్యామ్ గుర్తు ఎక్కడుందో చూసి రాసుకోవాలి. అది సరిగ్గా ఉంటే సొంత గుర్తు పెట్టుకోవచ్చు. పక్కకుంటే ఎంత పక్కకుందో అదే చైన్ ఆరోగ్యం చెబుతుంది. బిగించేటప్పుడు కంపెనీ గుర్తును పాటించాలి, గుర్తు లేకపోతే పళ్ల లెక్కను ఆశ్రయించాలి. లాగే వైపు చైన్ బిగుతుగా ఉంచి చక్రం ఎక్కించాలి. టెన్షనర్ తర్వాత రెండు చుట్లు తిప్పాలి, గుర్తులు చూడాలి, టాపెట్ చూడాలి, అప్పుడు మాత్రమే కిక్ కొట్టాలి. ఐటీఐలో చదివి వచ్చిన కుర్రాడికీ, దుకాణంలో చిన్నప్పటి నుంచీ పానాలు అందించి నేర్చుకున్న కుర్రాడికీ ఈ వరసే మొదటి పాఠం కావాలి. ఇందుకు ఖరీదైన పనిముట్లేమీ వద్దు. బండి యజమాని కూడా చైన్ మార్పించేటప్పుడు చుట్లు తిప్పి చూశారా అని అడగడం నేర్చుకోవాలి. ఆ ప్రశ్న మెకానిక్‌ను అనుమానించడం కాదు, అతని పనిలో అన్నిటికన్నా విలువైన భాగాన్ని గుర్తించడం.